ప్రస్థానం సంచి

పోయిన వారం మనం పామర్రులో, జ్ఞానేశ్వరి ఇంటి వసారాలో, ఆవిడ ఫోన్‌లో కనబడ్డ ఎర్ర అక్షరాల దగ్గర ఆగాం. మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై మూడేళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరైన జ్ఞానేశ్వరి, జీవితంలో మొదటిసారి దేశం దాటబోతోంది. వెళ్లేది వియత్నాం. చూడదల్చుకున్నది అక్కడి మెకాంగ్ డెల్టా. వెళ్లేది ఒక్కతే. విమానం టికెట్ దగ్గర్నుంచి పడవల రేవు పక్కన దిగబోయే గది దాకా అన్నీ తనే వెతుక్కుంది, తనే కుదుర్చుకుంది. ఆదివారం సాయంత్రం బస్సెక్కి హైదరాబాద్ చేరాలి, మర్నాడు విమానం. ఈ రోజు మంగళవారం. ఫోన్‌లోకి వీసా రావాలి. వీసాకి బదులు ఎర్ర అక్షరాలొచ్చాయి.

ఆ అక్షరాల సారాంశం ఇది. మీరు నింపిన వివరాలు పాస్‌పోర్టుతో సరిపోలడం లేదు, జతచేసిన పాస్‌పోర్టు పేజీ ఫోటో కూడా స్పష్టంగా లేదు, సరిదిద్ది మళ్లీ పంపండి, పరిశీలనకు మూడు పనిరోజులు పడుతుంది. జ్ఞానేశ్వరి వేళ్ల మీద లెక్కపెట్టింది. బుధ, గురు, శుక్ర. ఈ రోజు పంపితే శుక్రవారం సాయంత్రానికి వస్తుంది. రేపు పంపితే రాదు.

ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కానీ పొద్దున్నే విజయవాడ నుంచి బావగారు ఉదయభాస్కర్, తోటికోడలు శాంతకుమారి దిగారు. వీడ్కోలు చెప్పడానికట. ఐదు రోజుల ముందే వీడ్కోలేమిటని మీరూ నేనూ అడక్కూడదు. ఇంటికి పెద్దవాళ్లు. అందులోనూ ఉదయభాస్కర్ గారు ఈ కుటుంబంలో అందరికంటే ముందు విదేశం చూసిన మనిషి. కాలవల శాఖలో ఇంజనీరుగా ఉండగా 1998లో బ్యాంకాక్‌లో శిక్షణకి వెళ్లొచ్చారు. మూడు వారాలు ఉన్నారు, ఇరవై ఏడేళ్లుగా చెబుతున్నారు. అక్కడి హోటల్ సబ్బు ఒకటి ఇప్పటికీ ఆయన అద్దాల బీరువాలో ఉంది.

మరదలి మొహం చూడగానే ఆయనకి సంగతి వాసన తగిలింది. ఫోన్ ఇలా ఇమ్మన్నారు, కళ్లజోడు సవరించుకుని నలుగురికీ వినబడేలా చదివారు. పుట్టిన తేదీ దగ్గరే తేడా వచ్చినట్టుంది, ఏం రాశావమ్మా అని అడిగారు. జ్ఞానేశ్వరి అక్టోబరు తేదీ చెప్పింది.

సరిగ్గానే రాసిందిగా, అట్లతద్ది నాడు పుట్టిన పిల్ల, అని శాంతకుమారి వెనకేసుకొచ్చింది. అన్నగారి ఆఫీసులోనే ఇంజనీరుగా చేసిన జ్ఞానేశ్వరి భర్త విశ్వేశ్వర్ మెల్లగా చెప్పాడు.

"పాస్‌పోర్టులో జూలై ఒకటి."

జ్ఞానేశ్వరికి అప్పుడు గుర్తొచ్చింది. జూలై ఒకటి. ఆవిడని బళ్లో వేయడానికి నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్లినప్పుడు, వయసు చాలదని హెడ్‌మాస్టరు గారు ఏడాది ముందుకి జరిపి, నోటికొచ్చిన తేదీ రాసుకున్నారు. ఆ తరంలో మన డెల్టాలో సగం మంది జూలై ఒకటినే పుట్టారు. ఆ తేదీయే టెన్తు సర్టిఫికెట్లోకి, ఉద్యోగంలోకి, చివరికి పాస్‌పోర్టులోకి ఎక్కింది. ఇంట్లో మాత్రం పాయసం వండేది అట్లతద్దికే. ఫారంలో పుట్టిన తేదీ అన్న గడి కనబడగానే వేళ్లు ఇంటి తేదీనే కొట్టేశాయి.

పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని నింపితే ఈ పొరపాటు జరిగేది కాదు. కానీ అప్పటికే అది ఇంట్లో లేదు. దానికి కారణం శాంతకుమారి. ఆదివారం పడమటి దిక్కుకి శూల, ఆ రోజు హైదరాబాద్ వైపు ఎలా బయల్దేరతావమ్మా అని ఫోన్లో ఆవిడ గోల. అలాంటప్పుడు పెద్దలు ఒక ఉపాయం చెప్పారు. మంచి ఘడియ చూసి ప్రయాణానికి అక్కరకొచ్చే వస్తువుని ఒక సంచిలో పెట్టి వేరే ఇంట్లో ఉంచితే, ప్రయాణం ఆ ఘడియలోనే మొదలైనట్టు లెక్క. దాన్నే ప్రస్థానం ఉంచడం అంటారు. ఒకసారి ఉంచాక ఆ సంచిలోంచి పూచికపుల్ల కూడా వెనక్కి రాకూడదు, వెళ్లేటప్పుడు దారిలో అందుకుని పోవాలి. జ్ఞానేశ్వరికి ఇలాంటివాటి మీద పెద్ద పట్టింపు లేదు. తోటికోడలి మీద మాత్రం ప్రేమ ఉంది. పోయిన బుధవారం పసుపు, కుంకుమ, అక్షింతలు, ఒక రవికెల గుడ్డ, వాటి మీద పాస్‌పోర్టు పెట్టిన సంచిని విశ్వేశ్వర్ తీసుకెళ్లి మూడు వీధుల అవతల హెప్సిబా టీచరు ఇంట్లో ఉంచి వచ్చాడు. అక్కరకొచ్చే వస్తువంటే పాస్‌పోర్టు కాక ఇంకేముంది? మర్నాడు జ్ఞానేశ్వరి కూర్చుని, నాకు నోటికి రాని వివరాలేమున్నాయని ఫారం నింపేసింది. ఫోన్‌లో ఎప్పుడో తీసిన పాస్‌పోర్టు ఫోటో ఉంటే అదే జతచేసింది. అందులో సరిగ్గా పుట్టిన తేదీ మీదే ట్యూబ్‌లైటు వెలుగు పడి తెల్లగా మెరుస్తోంది.

అందరికంటే ఆవిడకే ఎక్కువ సిగ్గేసింది. ఏటా పదో తరగతి పిల్లల పేర్ల జాబితా, పుట్టిన తేదీలతో సహా, పరీక్షల ఆఫీసుకి పంపే ముందు సరిచూసే పని స్కూల్లో ఆవిడదే. పుట్టిన తేదీ తప్పు రాసిన పిల్లని నిలబెట్టి, నీ తేదీ నీకే తెలియకపోతే ఎలాగని అడిగిన మనిషి. ముప్పై మూడేళ్లలో ఒక్క జాబితా వెనక్కి రాలేదు. ఇప్పుడు తన ఒక్క కాగితం వెనక్కొచ్చింది.

ఉదయభాస్కర్ గారికి సంతోషంగా ఉందని నేననను. ఆయన గొంతు మాత్రం హాయిగా సర్దుకుంది.

"అయిందేదో అయింది. టికెట్టు వెనక్కిచ్చెయ్యమ్మా. డిసెంబర్లో మా బ్యాచ్ సింగపూర్ వెళ్తోంది, నలభై మందిమి, అంతా మనవాళ్లే. వంటవాడు గుడివాడ వాడు, వెంటే వస్తాడు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పూ గోంగూరా. నువ్వు వేలు కదపక్కర్లేదు. అసలా వియత్నాంలో ఏముందని? మళ్లీ వరిచేలే కదా. అవి ఇక్కడ కిటికీ తీస్తే కనబడవూ?"

శాంతకుమారి మరిది వైపు చూసింది. విశ్వేశ్వర్ లేచి చెంబు తీసుకుని పెరట్లో మొక్కల దగ్గరికి వెళ్లాడు. అన్నగారు విదేశాల కబుర్లు ఎత్తినప్పుడల్లా అతనికి మొక్కలు గుర్తొస్తాయి. భార్య ప్రయాణం గురించి ఈ నాలుగు నెలల్లో అతను వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. జ్ఞానేశ్వరి కూడా అడగలేదు. మా ఆయన పామర్రు సెంటరు దాటరండీ అని నవ్వుతూ చెప్పడం ఆవిడకి ఎప్పటినుంచో అలవాటు.

జ్ఞానేశ్వరి ఫోన్ వెనక్కి తీసుకుంది. క్లాసులో నిలబడ్డట్టే నిలబడింది.

"బావగారూ, మన కృష్ణ పులిగడ్డ దగ్గర రెండుగా చీలుతుందని ఏటా మూడు సెక్షన్లకి చెప్పాను. దాని పక్కనే బోర్డు మీద మెకాంగ్ గీసేదాన్ని. సముద్రంలో కలిసేలోపు అది తొమ్మిది పాయలవుతుందని చెప్పుకుంటారు. ఆ తొమ్మిదీ నేను చేత్తో గీసినవే, కానీ చూసి గీసినవి కావు. ఒకసారి ఏడో తరగతి పిల్ల లేచి, మీరు చూశారా మేడం అని అడిగింది. లేదన్నాను. ఇంక ఆ మాట అనదల్చుకోలేదండీ."

ఆయన ఏదో అనబోయారు. ఆవిడ అననివ్వలేదు.

"తప్పు నాదే. దిద్దుకునేది కూడా నేనే. ఒక్క తప్పు పోయిందని పేపరు చించేసి ఇంటికి పొమ్మని నేను ఏ పిల్లకీ చెప్పలేదు. నాకు మాత్రం ఎందుకు చెప్పుకుంటాను?"

ఆ మాట అన్నాక ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. నిజమే మరి, ఎవరి సాయం లేకుండా ఇంత దూరం తెచ్చుకున్న ప్రయాణం ఇది. అక్కడ మనకంటే గంటన్నర ముందు తెల్లారుతుందనీ, నీళ్ల మీద పడవల్లో తేలే సంత చూడాలంటే ఎన్నింటికి పడవెక్కాలో పొడుగు నోటుపుస్తకంలో రాసుకుంది. మాంసం, చేప తినను అన్న ముక్కని వాళ్ల భాషలో అట్ట మీద దిద్ది దిద్ది నేర్చుకుంది. జీవితమంతా ఒకరు వేసిన టైంటేబుల్ ప్రకారం నడిచిన ఆవిడకి, ఇది తను వేసుకున్న మొదటి టైంటేబుల్. దాన్ని ఒక్క తేదీ కోసం వదులుకోవడం ఆవిడ వల్ల కాదు.

ఉదయభాస్కర్ గారు నవ్వేసి, శుక్రవారం నాడు నువ్వే అడుగుతావులే అని, పాత కవరు వెనక సింగపూర్ యాత్రల ఏజెంటు పేరు, నంబరు, దాని కింద తన పేరు రాసి ఇచ్చారు. ఆయన చేతిరాత చూడముచ్చటగా ఉంటుంది. ఏ పేరు రాసినా దాని కింద రెండు గీతలు గీస్తారు, రెండో గీత చివర గాలంలా పైకి తిప్పుతారు. ఇంట్లో ఎవరి పెళ్లి శుభలేఖల మీదైనా ఆ గీతలే. పెద్దాయన ఇచ్చింది కాదనకూడదని జ్ఞానేశ్వరి దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

పాస్‌పోర్టు ఫోటో మళ్లీ తీయాలి, తీయాలంటే సంచి తెరవాలి. సంచి ఇంటికి రాకూడదు కనక మనమే సంచి దగ్గరికి వెళ్దామని తేల్చింది జ్ఞానేశ్వరి. తెరువు గానీ అందులోది ఏదీ ఈ గడప తొక్కకూడదు సుమా అని శాంతకుమారి రెండుసార్లు చెప్పి పంపింది.

గేటు దగ్గర విశ్వేశ్వర్ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనూ రానా, ఫోటో నేను తీస్తాను అన్నాడు. వద్దండీ, నేనే తీసుకుంటానంది జ్ఞానేశ్వరి. ఆవిడ నాలుగడుగులు వేశాక వెనకనించి మళ్లీ పిలిచాడు.

"పాస్‌పోర్టు పైనే ఉంటుంది. అడుగున కదపకు. పసుపు ఒలుకుతుంది."

హెప్సిబా ఇల్లు కాలవ గట్టు పక్కన. లెక్కల టీచరు. ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. ముందుగదిలో బల్ల మీద, బైబిల్ పక్కన, సంచి బుద్ధిగా కూర్చుని ఉంది. శూల సంగతి తనకి తెలియదనీ ప్రార్థన సంగతి తెలుసనీ, రోజూ పొద్దున దాని మీద చెయ్యేసి మేడం పేరు చెబుతున్నాననీ హెప్సిబా చెప్పింది. అది విని జ్ఞానేశ్వరికి కళ్లు చెమర్చాయి. శూల ఇంక ఏ దిక్కున ఉన్నా ఫరవాలేదనిపించింది.

పాస్‌పోర్టు కిటికీ అరుగు మీద పరిచారు. ట్యూబ్‌లైటు ఆర్పేశారు. పగటి వెలుగులో జూలై ఒకటి నల్లగా, స్పష్టంగా పడింది. ఈసారి జ్ఞానేశ్వరి ఒక్కో గడినీ పైకి చదివింది, హెప్సిబా పాస్‌పోర్టు చూస్తూ ఒక్కోదానికీ తలూపింది, పూర్వం ఇద్దరూ కలిసి పిల్లల జాబితాలు సరిచూసినట్టే. వెంట వచ్చేవారు అన్న గడిలో ఎవరూ లేరని నింపింది. పంపింది. కాసేపటికి అందిందని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి.

నూటికి నూరు మేడం అంది హెప్సిబా. జ్ఞానేశ్వరి కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి పీల్చుకుంది. గర్వంగా ఉంది. తప్పు చేయనప్పటి గర్వం కంటే, తప్పు దిద్దుకున్నాక కలిగే గర్వం ఒక పాలు ఎక్కువే ఉంటుందని ఆవిడకి అరవై దాటాక తెలిసింది.

కాఫీ తాగి, పాస్‌పోర్టు యథాస్థానంలో పెట్టబోతుంటే రవికెల గుడ్డ పక్కకి జారింది. దాని కింద జేబురుమాలు మూట ఉంది. తను పెట్టింది కాదు. రుమాలు మాత్రం ఎవరిదో తెలుసు, ముప్పై ఏడేళ్లుగా ఉతుకుతోంది. విప్పింది.

లోపల ఇంకో పాస్‌పోర్టు. పాతకాలపుది, అంచులు అరిగి, చేత్తో నింపినది. 1998 ఫిబ్రవరిలో ఇచ్చారు. ఫోటోలో నల్లమీసం, మెడదాకా గుండీలు పెట్టుకున్న విశ్వేశ్వర్. ఆవిడ ఒక్కో పేజీ తిప్పింది. చివరిదాకా ఖాళీ. ఒక్క ముద్ర కూడా లేదు. పేజీల మధ్య ఈమధ్య రాసిన చీటీ ఒకటి ఉంది.

"జ్ఞానేశ్వరీ, దీని గడువు ఎప్పుడో తీరిపోయింది. ఎవరికీ చూపించక్కర్లేదు. నీ సంచిలో అడుగున పడి ఉంటుంది. ఒక్కసారి దేశం దాటి వస్తే చాలు."

ఆవిడకి ఏడుపొచ్చింది, హెప్సిబా ముందు దాచుకోలేదు. పామర్రు సెంటరు దాటరని తను ఊరంతా నవ్వించిన మనిషి ఈ పుస్తకాన్ని ఇన్నేళ్లు ఎక్కడ దాచాడో! ఎందుకు తీసుకున్నాడు, తీసుకున్నవాడు ఎందుకు వెళ్లలేదు?

జవాబు కూడా అక్కడే, పాస్‌పోర్టు అట్టలో మడతపెట్టి ఉంది. రెండు కాగితాలు. మొదటిది టైపు చేసిన ఉత్తర్వు. నీటి యాజమాన్యంలో మూడు వారాల శిక్షణకు బ్యాంకాక్ పంపడానికి ఇంజనీర్ విశ్వేశ్వర్‌ని ఎంపిక చేసినట్టు. విశ్వేశ్వర్‌ని. జ్ఞానేశ్వరి ఆ పేరు మళ్లీ చదివింది. అన్నదమ్ములిద్దరూ ఒకే ఆఫీసులో పనిచేశారు, బ్యాంకాక్ వెళ్లొచ్చింది అన్నగారు.

రెండోది చేత్తో రాసిన ఉత్తరానికి జిరాక్స్. అదే ఏడాది మార్చి తేదీ. "నా భార్య జ్ఞానేశ్వరి తీవ్ర అనారోగ్యం దృష్ట్యా నేను ఈ శిక్షణకు వెళ్లలేను. నా స్థానంలో మరొకరిని పంపగలరు." కింద విశ్వేశ్వర్ అని సంతకం.

ఆ మార్చిలో ఆవిడకి జ్వరం కూడా రాలేదు. పదో తరగతి పరీక్షలకి ఒక్కరోజు సెలవు పెట్టకుండా డ్యూటీ చేసింది. హెప్సిబా పక్క గదిలోనే డ్యూటీ చేసింది, ఆమెకీ గుర్తుంది. తన ఒంట్లో లేని జబ్బుని తన పేరు మీద రాసిందెవరు? కాగితం వెలుగులోకి తిప్పింది. జ్ఞానేశ్వరి అన్న పేరు కింద రెండు గీతలున్నాయి. విశ్వేశ్వర్ అన్న పేరు కిందా రెండు గీతలున్నాయి. రెండో గీత చివర గాలంలా పైకి తిరిగి ఉంది.

హ్యాండ్‌బ్యాగులోంచి పొద్దుటి కవరు తీసి జిరాక్స్ పక్కన పెట్టింది. ముప్పై మూడేళ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దిన కళ్లకి ఎక్కువసేపు పట్టలేదు. అయినా పక్క మనిషి చెబితే బాగుండునని హెప్సిబా వైపు చూసింది.

"రెండూ ఒక చెయ్యే మేడం," అంది హెప్సిబా.

ఇరవై ఏడేళ్లు. ఆ బ్యాంకాక్ కబుర్లు పండక్కీ పబ్బానికీ ఎదురుగా కూర్చుని వింటూ ఆ మనిషి అన్నం తిన్నాడు. ఈ జిరాక్స్ చేతిలో ఉండి కూడా తిన్నాడు. జ్ఞానేశ్వరికి కోపం వచ్చింది, మొదట భర్త మీదే వచ్చింది. తరవాత అది వెళ్లాల్సిన చోటికి వెళ్లింది.

పాస్‌పోర్టులు రెండూ సంచిలో పెట్టింది, కిందిది కింద, పైది పైన. కాగితాలు రెండూ చేతిలోనే ఉంచుకుంది. సంచిలోంచి ఏదీ వెనక్కి తీసుకెళ్లకూడదన్నారు కదా మేడం అని హెప్సిబా గుర్తుచేసింది. ఇవి ప్రయాణానికి సంబంధించినవి కావు, ఇంటికి సంబంధించినవి అని చెప్పి జ్ఞానేశ్వరి చెప్పులు వేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి శాంతకుమారి భోజనాలు వడ్డించేసింది. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. పని అయిందా అని ఎవరూ అడక్కముందే, అయిందని చెప్పింది జ్ఞానేశ్వరి. శాంతకుమారికి కావలసింది అది కాదు.

"సంచిలోంచి ఏమీ తేలేదు కదా?"

"తెచ్చాను అక్కయ్యా," అంటూ జ్ఞానేశ్వరి గడప దాటి లోపలికి వచ్చింది.

పెరుగన్నం కలుపుతున్న విశ్వేశ్వర్ తలెత్తి, ఆవిడ చేతిలో కాగితాలు చూశాడు. అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఉదయభాస్కర్ గారు మాత్రం ఇంకా అటు తిరగలేదు. బ్యాంకాక్‌లో దిగిన మొదటి రోజు విమానాశ్రయంలో తన పేరు అట్ట మీద రాసి పట్టుకుని ఎవరు నిలబడ్డారో తమ్ముడికి చెబుతున్నారు.

"ఆ అట్ట మీద ముందు ఎవరి పేరు ఉండాల్సింది బావగారూ?" అని అడిగింది జ్ఞానేశ్వరి.